తలుపు వెనక కాగితం

సంక్షేమ కార్యాలయంలోకి ఇంకా జనం రాలేదు. అక్కడ నేల తుడిచే ఆమె తడి చేతులు తుడుచుకుని, గుమస్తా ముందు దరఖాస్తు పెట్టింది.

"పాప మందుల కార్డు కోసం సార్. ఇది మూడోసారి."

"వలస వచ్చినవాళ్లు రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నట్టు రుజువు తేవాలని చెప్పానా లేదా?"

"ఇంటి ఓనరు రాసివ్వనంటున్నాడు. నన్ను ఇక్కడ పనిలో పెట్టిన మేస్త్రీ జీతం చేతికిస్తాడే గాని కాగితం ఇవ్వడు. నాలుగేళ్లుగా రోజూ మీ కాళ్ల కిందే తుడుస్తున్నాను, మీకు తెలీదా?"

"నాకు తెలిస్తే సరిపోదమ్మా. ఎవరిదో ఒకరి సంతకం ఉండాలి."

"ఉంది సార్. బాత్రూం తలుపు వెనక కాగితం మీద, నేను కడిగానని రోజూ మీరే పెడతారు. పాతవన్నీ మీ బీరువాలోనే ఉన్నాయి."

"అవి బాత్రూం శుభ్రంగా ఉందనడానికి రుజువు. నువ్వున్నావనడానికి కాదు."

అతను దరఖాస్తును వేలికొసతో వెనక్కి తోశాడు.

"పొద్దున్నే నా బుర్ర తినకు. పెద్దాఫీసరు వస్తున్నాడు. బాత్రూం కడిగావా?"

ఆమె బకెట్టు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

"నేను ఈ ఊళ్లోనే లేను కదా సార్. ఎలా కడుగుతాను?"