రాజేశం కోసం పెట్టిన జమానతు

"తాతా, వార్డు ఆఫీసుల గల్లా నౌకరి నాకే ఖాయమైంది. కాని ఇద్దరు జమానతు ఉండాల్నట. మా కాలేజీ సార్ ఒక సంతకం పెట్టిండు. రెండోది నువ్వు పెట్టరాదు?"

జమానతా. కూసో శ్రావణీ, జర ఆ ఫ్యాను పెంచు. దస్కతు సంగతి తర్వాత, ముందుగాల జమానతంటే ఏందో చెప్పనియ్యి. మీ నాయినకు గూడ ఇది మొత్తం తెల్వది, గప్పుడు చిన్న పోరడు వాడు.

మేము సిరిసిల్ల నుంచి ఈ సూరత్‌కు వచ్చినప్పుడు మాకు కాయిదాల జమానతు ఎక్కడిది బిడ్డా. ఊరి నుంచి కొత్త మనిషి దిగుతడు, కార్ఖాన సేట్ అడుగుతడు, వీని జిమ్మ ఎవలదని. మనోడొకడు ముందటికొచ్చి నాదే అంటడు. అంతే. గాడు అడ్వాన్సు తీస్కొని పారిపోయిండనుకో, జిమ్మ తీసుకున్నోడు వాని సాంచెల మీద నిలవడి బట్ట నెయ్యాలె, అడ్వాన్సు తీరేదాంక. నేను గట్ల ఒకపాలి నిలవడ్డ. జగిత్యాల పోరడొకడు పండుగకని పోయి మళ్ల రాలె. నా సాంచెలు నేనే, వాని సాంచెలు నేనే. కాళ్లు వాచినయ్. కాని తీరిపోయింది, సేట్ చాయ తాపిండు. గప్పుడు చాయ చారాణ, గిలాస నిండ పోస్తుండె. ఇప్పుడు పది రూపాయలకు గుక్కెడు రాదు. ఏం చెప్తున్న నేను? ఆ, జమానతు.

రాజేశమంటే మీ నాయినమ్మ తమ్ముడు, నాకు బామ్మర్ది. మనోళ్లల్ల గుజరాతీ బడిల పెద్ద సదువు సదివింది వాడొక్కడే గప్పుడు. ఇంటి పన్నులు కట్టించుకునే ఆఫీసుల గల్లా మీద నౌకరి దొరికింది. ఏ ఆఫీసంటే... వద్దులే, పేరెందుకు ఇప్పుడు. సర్కారు పైస ముట్టేటోనికి జమానతు ఉండాలె, గదిగూడ సొంతిల్లున్నోడు ఉండాలె అన్నరు. ఈడనే సూరత్‌ల, భేస్తాన్ బస్తీల మనకు సొంత రూము ఉండె. మీ నాయినమ్మ పుస్తెలొక్కటి ఉంచుకొని మిగిలిన బంగారమంత అమ్మితె అయిన రూము. నేను సంబురంగ పోయి దస్కతు పెట్టొచ్చిన. సాంచెల జమానతు లెక్కనే అనుకున్న. పోరడు పారిపోతె నేను పోయి వాని కుర్సీల కూసుంట అనుకున్న. నవ్వకు, నిజంగ గట్లనే అనుకున్న. కాయిదం గుజరాతీల ఉండె. సదివి చెప్పింది రాజేశమే, పోరడు ఉషారు మీద ఉండె, వానికి గూడ కిందిదాంక సదవ బుద్ధి కాలె.

వాడు దొంగ కాదు బిడ్డా. ఇదొక్కటి మనసుల పెట్టుకో.

ఆ యేడు మార్కెట్ పడిపోయింది. రింగ్ రోడ్ బట్టల బజార్ల గుడ్డ కొనేటోడు లేడు, సేట్లు సాంచెలు బందు పెట్టిండ్రు. పగార్లు ఆగినయ్. గదే నెలల ఇంటి పన్నుకు ఆఖరు తారీకు, దాటితె జప్తు నోటీసు. మన గల్లీలోళ్లు రాజేశం కిటికీ కాడికి పోయి, తమ్మీ, రశీదు కొట్టియ్యి, పగారు పడంగనె తెచ్చిస్తం అనుడు మొదలువెట్టిండ్రు. మన కిరాణ దుకాణంల గట్లనే నడుస్తుండె గద, పగారు నాడు తీర్సుడు. వీడు సర్కారు గల్లా గూడ గట్లనే నడిపిండు. గల్లాల పైస పడలె, వాళ్ల చేతులకు రశీదులు పోయినయ్. ఒకలిద్దరు కాదు, గల్లీకి గల్లీ. నేను? నేను కట్టిన. మీ నాయినమ్మ సిలిండరు ఆపి కట్టిచ్చింది. నాకు ముందుగాల తెలిస్తె వాని చెయ్యి పట్టుకొని ఆపేటోన్ని, నాకు చెప్పనే లేదు.

పగార్లు పడకముందే పై నుంచి లెక్కలు చూసే సాబు వచ్చిండు. గల్లా తక్కువ వచ్చింది. రాజేశం ఇల్లిల్లు తిరిగిండు. మీ నాయినమ్మ గూడ తిరిగింది. పక్కింటి రాజవ్వ అని ఉండె, మీ నాయినమ్మతోని ఒక్క కంచంల తిన్నది. ఆమె ఏమన్నదెరికేనా? రశీదు ఉన్నది గద వదినా, మేము కట్టినట్టే లెక్క అన్నది. మొకం మీదనే. అందరిది గదే మాట. ఒక్కలు ఒప్పుకుంటె అందరు ఇరుక్కుంటరని భయం. ఆ భయం నాకు సమజయితది. అయినా కడుపు మండుతది, ఇప్పటికి గూడ.

నేను ఆఫీసుకు పోయిన. సాబ్, వాని బదులు నేనున్న, ఊడుస్త, కాపలా ఉంట, పైస తీరేదాంక పగారు వద్దన్న. సాబు మంచోడే, కుర్సీ ఏసి కూసోబెట్టిండు. కాకా, ఇది కార్ఖాన కాదు, నువ్వు రాసిచ్చింది నీ చాకిరి కాదు, నీ ఇల్లు అన్నడు. గప్పుడు తెలిసింది నాకు.

రూము వేలంల పోయింది. రాజేశం మీద కేసయింది, నౌకరి పాయె. భివండి పోయి సాంచెల మీద నిలవడ్డడు, గన్ని సదువులు సదివి. ఆడనే దమ్ము బీమారొచ్చి పోయిండు. మీ నాయినమ్మయితె... ఆమె బతికినన్ని దినాలు ఆ గల్లీల మళ్ల నడవలె. కూరగాయలకు గూడ సుట్టు తిరిగి పోతుండె. అప్పటి సంది కిరాయి రూములే మనకు. ఇది ఎన్నోదో నాకే యాదికి లేదు.

ఏందీ? పొద్దున భేస్తాన్ పోయినవా? ఎవలింటికి? రాజవ్వ కొడుకింటికా. ఏమన్నడు వాడు?

"'మీ తాతకు ఏమైందో చూసినంక జమానతు ఎవడు పెడ్తడు బిడ్డా' అన్నడు తాతా."

గట్లన్నడా. ఇంట్ల కూసోబెట్టి అన్నడా, వాకిట్లనే అన్నడా? మూడంతస్తులు లేపిండంట ఇప్పుడు. ఆ ఇంటి పన్ను ఒకనాడు మన రూము కట్టిందని వానికి ఎరుకనో లేదో. వాళ్లమ్మ చెప్పి ఉండదు. చెప్పే మాటనా అది.

నువ్వనుకుంటవు, తాత భయపడి కథలు చెప్తున్నడని. లేదు బిడ్డా. నీకైతె ఇప్పుడే పెడ్త, కండ్లు మూసుకొని పెడ్త. కాని ఆ కాయిదం కింద సదువు జర. సొంతిల్లు ఉండాల్నని రాసి ఉంటది. రాసి ఉన్నదా? ఉన్నది గద. నా దస్కతు వాళ్లకు పనికిరాదు శ్రావణీ. మీ నాయినది గూడ రాదు.

ఇంకెవ్వలింటికి పోకు. ఏం తప్పు చేసినవని చేతులు కట్టుకొని వాళ్ల ముందట నిలవడుతవు. నౌకరి అయితదో కాదో, నువ్వైతె సల్లగుండు బిడ్డా, నా ఆయుష్షు గూడ పోసుకొని సల్లగుండు. కాయిదం ఎన్నడియ్యాల్నంటివి... రేపేనా.