సాలగ్రామంలోని సముద్రం

పోలీసు చర్య ముగిసిన పదమూడవ నాటి ఉదయం సికింద్రాబాదులో, ఒక వేదపండితుని ఇంటి వెనుక గదిలో అన్నాళ్లూ తలదాచుకొన్న ముస్లిం భూగోళోపాధ్యాయుడు తన ఇంటికి బయలుదేరుతున్నాడు.

“మాస్టర్ సాబ్, జెర ఆగుండ్రి. నా సాలగ్రామంల ఉన్న చక్రం ఒకప్పటి సముద్రజీవి గుర్తన్నరు. మరి హిమాలయాల గండకి నదిల అదెట్ల దొరుకుతది?”

“మన నేల దక్షిణం నుంచి మెల్లగ జరిగొచ్చి ఉత్తరపు నేలను ఒత్తిందంటరు పంతులుగారూ. నడుమ సముద్రం అడుగు మడతలువడి కొండలైందట. అందరు పండితులు ఒప్పుకోలేదనుకోండ్రి.”

“నేను ఒప్పుకుంటున్న. పాలకడలి సామి నలభై ఏండ్ల సంది నా పూజపళ్లెంల సముద్రంతోనే ఉన్నడన్నమాట. ఇంత చెప్పినంక మీరు నాకు గురువులు. దక్షిణ అడుగుండ్రి.”

“ప్రాణం నిలబెట్టిండ్రు. ఇంకేమడగాలె?”

“అడగకుంటే నేర్చుకున్న చదువు ఫలించదు.”

“అట్లయితే, రెజిమెంటల్ బజార్ దాక నా పక్కన నడువుండ్రి. నా టోపీ చూసి ఎవరన్న ఆపుతరేమోనని భయమైతున్నది. ఇంట్ల నా భార్య జుబేదా ఎదురుచూస్తున్నది.”

“తెలుసు. అందుకే తెల్లారకముందే పూజ ముగించి మడి విడిచిన. నా చెయ్యి పట్టుకోండ్రి, పోదాం.”