గంగారాం చెయ్యి ఇరిగిన శుక్రారం

"లచ్చన్న కాకా, వచ్చే వారం ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పోతున్నవ్, ఇగ మల్ల రావు. టీము నా చేతుల పెట్టినవ్. ఎవన్ని యాడ నిలవెట్టాల్నో, ఎవలు ఏ షాటు కొడ్తరో అన్ని చెప్పినవ్. ఒక్కటే చెప్పలే. ఆటల దెబ్బ తాకినోడు ముందుగాల నీ రూముకే రావాలె, ఆఫీసు దిక్కు ఎవ్వలు పోవద్దని ఎందుకు పెట్టినవ్?"

అడుగుతవని ఎర్కనే నాకు. కూసో. మంచం మీద గాదు శీనూ, ఇప్పుడే దుప్పటి సరిజేసిన, గా కుర్సీల కూసో.

ఇరవై ఆరేండ్లు నేర్పిన నేను వాలీబాల్, ఈ సౌదీల, ఈ రాబిగ్ క్యాంపుల. రెండో తరగతి కాడ్నే బడి ఇడిసినోన్ని, నా పేరు నేను రాసుకునుడు తప్ప ఏం రాదు. అయినా ఈ ఆటల నా ముంగట నిలవడి ఇది తప్పు అన్నోడు లేడు. ఆఁ, లేకేం, ఒకడన్నడు. ఆ కోరుట్ల డ్రైవరు. సర్వీసు గిట్ల గాదు, గట్ల కొట్టాలె అన్నడు పది మందిల. పద్దెనిమిదేండ్లాయె, వానితోని మాట్లాడుత లేను. మెస్సుల ఎదురువడితె నేనే మొఖం తిప్పుకుంట. సరే, వాని ముచ్చటెందుకిప్పుడు.

మొదటి నుంచి చెప్పాలె, లేకుంటె నీకు సమజ్ గాదు.

నేనచ్చిన రెండేండ్లకు కువైట్ లడాయి లేసింది. ముందుగాల యెమన్ దేశపోల్లు పోయిన్రు. మంచాలు, ఫ్రిజ్జులు, మేకలు, అన్ని లారీల మీద కట్టుకోని దక్షిణం దిక్కు పోతుంటె మేము రోడ్డు మీద నిలవడి సూసినం. తరువాత మనోల్లల్ల సగం మంది ఎగ్జిట్ కొట్టిచ్చుకోని పోయిన్రు. మిసైళ్ళు రియాద్ మీద, దమ్మాం దిక్కు పడుతున్నయని రేడియోల చెప్పేది. మనకు శాన దూరమే. దూరమైతె ఏంది, భయానికి ఎర్కనా దూరం? కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు అతికిచ్చినం. గ్యాసొస్తె మూతికి కట్టుకోవాలెనని తడిబట్టలు బకీట్ల నానవెట్టుకున్నం. ఊరికి ఫోను చెయ్యాల్నంటె జెద్దా పోవాలె, ఆడ బలద్ బజార్ల లైన్ల నిలవడాలె. మూడు నిమిషాలు మాట్లాడితె రెండు దినాల తిండి పైసలు పాయె. అండ్ల ఒక నిమిషం హలో హలో అనుడుకే సరిపోయేది.

ఉన్నోల్లు మంచాల మీద కూసోని రేడియో చెవికి ఆనిచ్చుకునుడే పని. అన్నం ముట్టరు. నాది సెంట్రింగ్ పని గద. ఓ శుక్రారం రెండు స్కాఫోల్డింగ్ పైపులు తెచ్చి, రెండు తారు డ్రమ్ములల్ల కాంక్రీటు పోసి నిలవెట్టిన. ఒడ్డుకు పోయి చాపలు పట్టేటోల్లను అడుక్కోని చినిగిన వల ఒకటి తెచ్చి కట్టిన. ఎంత వాసనో, పది దినాలు దాని దగ్గర ఎవ్వడు నిలవడలే. నాతోని పన్నెండు మందిమి ఉన్నం, అందర్ని లేపిన. లేవనోని మంచం ఎత్తి బయట పెట్టిన. మా లిఫ్టర్ మల్లేశం, బాలు లేపి అందిచ్చేటోడు, వాడన్నడు, లేవున్రిరా, బాంబు మంచం మీద పడితె పరుపు కూడ ఖరాబైతది అని. ఎన్నో దినాలకు నవ్విన్రు ఆ పొద్దు.

గట్ల మొదలైంది. నాకు ఆట నేర్పింది మా ఊర్ల రిటైరైన మిలిట్రాయన. ఆయన దగ్గర ఎట్ల నేర్చుకున్ననో గట్లనే నేర్పిన. సాయంత్రం నాలుగు కొట్టంగ, అసర్ నమాజ్ అయినంక ఆట. ఒక్క నిమిషం లేటయినా లోపటికి రానియ్య. గోర్లు తీసుకోని రావాలె. లిఫ్టర్‌ను తిట్టినోడు బయటికే. పట్నంల కాలేజీలల్ల నేర్పే సార్లకు పిల్లలు మూడేండ్లు, నాలుగేండ్లు ఉంటరట. నాకు రెండేండ్లే. రెండేండ్లకు లీవు మీద పోతరు, సగం మంది మల్ల రారు. వాని చెయ్యి సాపుగ అయ్యేటాల్లకు వాడు పాయె. మల్ల కొత్తోడు, మల్ల మొదటి నుంచి. ఎంత మందికి నేర్పిన్నో లెక్క లేదు. మొఖాలు యాదికొస్తయ్, పేర్లు రావు. ఒక్కని పేరు మాత్రం పోదు.

గంగారాం. లడాయి ఒడిసినంక రెండేండ్లకు అచ్చిండు, వెల్డరు, మల్యాల దిక్కు పోరడు. సన్నగ పొడుగ్గ ఉండేది. దుంకితె మోచెయ్యి నెట్టు మీదికి లేసేది. కొట్టుడు ముందే వచ్చు వానికి, మణికట్టు తిప్పుడు నేను నేర్పిన. నెల దినాల్ల పట్టుకున్నడు. ఇరవై ఆరేండ్లల్ల అసుంటోన్ని మల్ల సూడలే నేను. వానికెన్నడు చెప్పలే ఆ మాట. చెప్తె నెత్తికెక్కుతదని.

ఓ శుక్రారం పక్క కంపెనోల్లతోని ఆటుండె. గంగారాం రాలే. సగం ఆటకు ఉరుక్కుంట అచ్చిండు. పొద్దుగాల జెద్దాకు పోయిండట, ఫోనుకు. బిడ్డ పుట్టిందట. మిఠాయి డబ్బ చేతుల పట్టుకోని ఎగపోసుకుంట, అన్నా బిడ్డ పుట్టింది, అంటున్నడు. కూసో అన్న నేను. ఆట ఒడిసేదాక కూసోవెట్టిన. మిఠాయి ముట్టలే. ఓడిపోయినం. వాన్ని ఆడనిస్తె గెలుద్దుము, అది క్యాంపుల అందరికి ఎర్కే. ఓడినా మంచిదే, లేటంటె లేటే. గసుంటోన్ని నేను.

వాడు నారాజైండు. ఆగు, నారాజైండో లేదో, వాడేం అనలే. కని రెండు వారాలకు ఎర్కైంది, జెద్దాల ఇంకో కంపెనీ టీము దిక్కు ఆడిండని. ఒక్కసారి గాదు, రెండు శుక్రారాలు. నేను నేర్పిన మణికట్టు తోని. వాల్లు గెలిచి వానికి గడియారం ఇచ్చిన్రట. మూడో శుక్రారం ఆ గడియారం పెట్టుకోనే మన కోర్టుకచ్చిండు. అన్నా, ఇగ మన దిక్కే ఆడుత అన్నడు. గడియారం తీసెయ్యి అన్న. నవ్వుకుంట తీసి జేబుల ఏసుకున్నడు. ఆ నవ్వు నాకు కడుపుల కూసున్నది బిడ్డా. ఆడు అన్న.

ఆడిండు. మస్తు ఆడిండు. ఆకరి పాయింటుకు లేసి కొట్టి, దిగుతున్నప్పుడు బోర్ల పడ్డడు, చెయ్యి కింద పడ్డది. కుడిచెయ్యి. సప్పుడు నాకినవడ్డది. పాయింటు మాత్రం మనకే అచ్చింది.

ఇగ ఇక్కడి పద్ధతి నీకెర్కే. ఆటల ఇరిగితె కంపెనీకి సంబంధం లేదు, పనికి రాడు, ఎగ్జిట్. పని మీద ఇరిగితె దవఖాన కంపెనీదే, రెస్టు కంపెనీదే, నౌకరి ఉంటది. గందుకే శుక్రారం దెబ్బ తాకినోన్ని శనివారం పొద్దుగాల మొదటి బస్సుల సైటుకు తీస్కపోయి, పైపుల కింద కూసోవెట్టి, జారి పడ్డడని కూత పెడ్తరు. క్యాంపంత ఎర్కే, ఫోర్మన్లకు ఎర్కే. అంతకు ముందు మల్లేశం కాలు బెణికినప్పుడు కూత పెట్టింది నేనే. ఇంకొకని ఏలు ఇరిగినప్పుడు గూడ నేనే. సాక్ష్యం చెప్పింది నేనే.

గంగారాం రాత్రంత పండ్లు గిట్ట కరుసుకోని పండుకున్నడు. తెల్లారి మల్లేశమోల్లు తీస్కపోయిన్రు. నేను పోలే. వేరే బస్సెక్కిన. ఎందుకెక్కిన్నో నన్నెవ్వలు అడగలే.

సైటుల సేఫ్టీ సూసేటాయన ఉండె, యూపీ ఆయన. చెయ్యి సూసిండు, నీలం తిరిగి ఉబ్బి ఉన్నది, ఇది ఇప్పటి దెబ్బ గాదు అన్నడు. అందర్ని అడిగిండు, అందరు ఇక్కడ్నే పడ్డడన్నరు. నా దగ్గరికచ్చిండు. "లచ్చన్నా, తుమ్ బోలో. తుమ్ ఝూట్ నహీ బోల్తా" అన్నడు, నువ్వు అబద్దమాడవు గద అని.

సాబ్, ఆటల తాకింది, అన్న.

కాయితం రాసిండు, సంతకం పెట్టుమన్నడు. సదువురానోన్ని గద, ఏం రాసిన్రో తెల్వక పెట్టిన అని చెప్పచ్చు నేను. ఎర్కుండే పెట్టిన.

వారం దినాలకు ఎగ్జిట్ కొట్టిన్రు. పోయే దినం చేతికి పట్టీతోని నా రూముకచ్చిండు గంగారాం. ఇగో, నువ్వు కూసున్న తాన్నే నిలవడ్డడు. కొట్లాటకు అచ్చిండనుకున్న. మెల్లగ అడిగిండు.

"అన్నా, మల్లేశం కోసం నువ్వే కూత పెట్టినవట గద. నాకెందుకు పెట్టలే?"

"అబద్దం నా నోటికి రాదు" అన్న.

ఎడమ చేతితోని సంచి ఎత్తుకున్నడు. పోయిండు.

అటెన్క ఏమైందో ఎర్కనా? ఆఫీసుల, బయటి టీములల్ల నాకు పేరచ్చింది. లచ్చన్న సొంత ఆటగాని కోసం గూడ అబద్దమాడడు అని. జెద్దా నుంచి టీములు అచ్చి, బాలు గీటు లోపట పడ్డదా బయట పడ్డదా లచ్చన్ననే చెప్పాలె అనేటోల్లు. ఆ పేరు మీద బతికిన ఇన్నేండ్లు. మల్లేశానికి నిజమెర్కే. వాడు ఏనాడు నోరు తెర్వలే, కని మల్ల నాకు బాలు లేపియ్యలే, ఆట బందు వెట్టిండు. గప్పుడు పెట్టిన ఆ కానూను, దెబ్బ తాకినోడు ముందుగాల నా రూముకే రావాలెనని. నేనే బస్సుల పక్కన కూసోని తీస్కపోయిన. నేనే కూత పెట్టిన. పదకొండు మందికి పెట్టిన. లచ్చన్న చెప్పిండంటె ఎవ్వలు మల్ల అడగకపోయేది.

మూడేండ్లకు లీవు మీద పోయిన్నాడు వాని ఊరు పోయిన. రెండు బస్సులు మారి. ఇయ్యాలన్న చెప్పాల్నని తొవ్వ పొడుగుత మాట సదురుకున్న. అరే గంగారాం, నాకు నీ మీద కోపముండె, గందుకే చెప్పిన. గంతే మాట. వాడు వాని తమ్ముని సైకిల్ దుకాణం ముంగట కూసోని ఉన్నడు. చెయ్యి వంకర వోయింది. వెల్డింగ్ రాడ్డు పట్టరాదట, పంపు కొట్టుడు ఎడమ చేతితోనే. నన్ను సూసి లేసి నిలవడ్డడు. స్టూలేసిండు, చా తెప్పిచ్చిండు. వాని పెండ్లాం గడప కాడ నిలవడి సూస్తున్నది.

"ఇప్పుడు నా జాగల ఎవలు ఆడుతున్నరన్నా?" అని అడిగిండు.

పేరు చెప్పిన. నీ అంత దుంకడు అన్న. సంబరపడ్డడు. మొఖమంత ఎలిగింది. అది సూసి మాట నోట్లకచ్చింది బిడ్డా, దేవుని సాక్షిగ, ఇగో ఇక్కడి దాక అచ్చింది. ఇంతల నా నోరే ఇంకోటి అన్నది. "ఆ దినం పడేటప్పుడు చెయ్యి కింద పెట్టినవ్. భుజం మీద పొర్లాలెనని ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

వాడు తలకాయ ఊపిండు. "అవునన్నా. తప్పు నాదే" అన్నడు.

ఊఁ అన్న నేను.

ఊఁ అని, చా తాగి, బస్సెక్కి అచ్చిన.

మల్ల లీవుకు పోయేటాల్లకు లేడు. పచ్చకామెర్లట. ఊర్లె దిగినంకనే ఎర్కైంది. అప్పటికి ఏడాది అయిందట. నాకెవ్వలు ఫోను చెయ్యలే, ఎందుకు చేస్తరు.

ఇప్పుడు పోతున్న గద. వాని పెండ్లాం ఉన్నది, ఆ ఊర్లనే ఉన్నదట. పోదామనుకుంటున్న. పోయి వాకిట్ల నిలవడి ఏమనాలె? నీ పెనిమిటి తప్పేం లేకుండెనమ్మా అనాలె, గంతే గద. ఆమె ఎల్లగొట్టినా సరే. గా ఒక్క మాటకు ఇన్నేండ్లు... ఏమో. ఈసారన్న నోరు తిన్నగ పలుకుతదో లేదో. నా నోటి మీద నాకే నమ్మకం లేదు.

ఎందుకట్ల తలకాయ ఒంచుకున్నవ్? నువ్వేం చేసినవ్. ఇటు సూడు. బిడ్డా, ఎవనిమీదనన్న కోపముంటె వాని మొఖం మీద తిట్టు, కొట్టినా మంచిదే, కని ఆ కోపాన్ని పట్టుకోని ఆఫీసు మెట్లెక్కకు. సల్లంగుండు. నీ దగ్గర ఆడేటోల్లందరు రెండు చేతులతోని ఇల్లు చేరాలె...