ఇంటిపట్టున

(గోదావరిఖని, కంపెనీ క్వార్టరు. 2011 అక్టోబరు, సాయంత్రం. తెలంగాణ సమ్మెలో గనులు, బస్సులు దాదాపు నెలగా ఆగిపోయాయి; బస్సులు రేపు కదులుతాయి. హైదరాబాదు బస్సు డ్రైవరు నతానియేలు, గని క్యాంటీన్‌లో పనిచేసే అతని భార్య సుసన్నా.)

"...'కావున తమరు దయతో నన్ను హైదరాబాదు సర్వీసు నుంచి తప్పించి, మంచిర్యాల పల్లెవెలుగుకు మార్చగలరని ప్రార్థన.' ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. ప్రార్థన అన్న మాట నీ చేతితోని రాసుడు ఇదే మొదలు."

"ఎక్కిరించకు. మూడు ఆదివారాలు చర్చికి రాలేదా నేను?"

"వచ్చినవ్. పాస్టరుగారు నిన్ను కొత్త విశ్వాసి అనుకొని, లేపి నిలబెట్టి పేరడిగిండు."

"ఆయనకేం ఎర్క పాపం. మన పెండ్లి చేసింది ఆయన గాదాయె. సంతకం పెట్టాల్నా ఇగ?"

"ఆగు. బావా, రేపటి హైదరాబాదు డ్యూటీ నీదేనా?"

"నాదే. మొదటినాడు గద, రాత్రి గాదు, పొద్దుగాల ఆరింటికి. కానీ పోను. ఈ కాయిదం డిపో మేనేజరు చేతుల పెట్టి, సారూ, ఇగ నాతోని గాదంట."

"ఒక్క రేపు పోరాదు."

"ఎందుకు?"

"ఊకెనే. నెల దినాలైంది స్టీరింగు ముట్టక. చేతులు గుంజుతలేవా?"

"గుంజినయి. మొదటి వారం మస్తు గుంజినయి. నిద్ర గూడ పట్టకపాయె. మంచం బస్సు లెక్క కదలకపాయె గద."

"నీకు నిద్ర పట్టినంక నాకు పట్టకపాయె. నిద్రల బ్రేకు తొక్కుడేంది బావా? నా పిక్క కమిలిపాయె."

"అడ్డమొచ్చి ఉంటవు."

"నా మంచంల నేను అడ్డమొచ్చిన్నా?"

"నీకు చెప్పలే గని, మూడోనాడు ఇంట్ల ఉండబుద్ధిగాక డిపో కాడికి పోయిన. ఆగిన బస్సెక్కి నా సీట్ల గంటసేపు కూసున్న. ఎవరూ చూడలే."

"పక్కింటి మల్లక్క చూసింది. వచ్చి చెప్పింది. మీ ఆయన పిచ్చోని లెక్క ఆగిన బస్సు తోలుతుండే, జర చూసుకో అన్నది."

"అగొ! మరి నన్ను అడుగకపోతివి?"

"అడిగితే సిగ్గుపడుదువు. గిప్పుడేమో పల్లెవెలుగు కావాలంటున్నవ్. నీ తోటి డ్రైవర్లు నవ్వరా? హైదరాబాదు సర్వీసు కోసం వాళ్లు కొట్టుకుంటరు."

"నవ్వని. ఇంట గెలిచి రచ్చ గెలువాలంటరు. నేను ఉల్టా. రచ్చ గెలిచినంక ఇల్లు యాదికొచ్చింది. సుసన్నా, నీకో సంగతి చెప్పాల్నా? నాలుగింటికి ఎనుక కిటికిల నుంచి ఎండ వచ్చి, సక్కగ గా గోడ మీద పడ్తది. నీకెర్కేనా?"

"నాకెందుకు ఎర్కలేదు? ఫస్టు షిఫ్టు దిగొచ్చి నేను గా గోడకే ఒరుగుత."

"నాకైతే ఎర్కలే. ఈ ఇంట్లకొచ్చి పద్నాలుగేండ్లాయె, గా ఎండ ఎన్నడు చూడలే. నువ్వు గిన్నెలు కడుక్కుంట పాట పాడుతవని గూడ ఎర్కలే."

"పాటేంది! ఏదో నోట్ల గుణుగుత."

"మంచిగ పాడుతవ్. మొన్న తలుపు సాటుకు నిలబడి ఇన్న."

"సిగ్గులేకపోతె సరి."

"మన కాపురమేందో చెప్పు. నేను రాత్రి సర్వీసు దిగేటాళ్లకు నువ్వు ఫస్టు షిఫ్టుకు పోతుంటివి. నువ్వొచ్చేటాళ్లకు నేను పండుకొని ఉందును. లేచి మల్ల డిపోకు పోదును. గేటు కాడ తాళంచెవి చేతుల పెట్టుడు, 'కూర ఉన్నది, ఏడి చేసుకో' అనుడు. గంతే గద?"

"ఒక్కోపారి గా మాటగూడ అనకపోదును. టైమయ్యేది."

"ఇరవై రెండేండ్లు సుసన్నా. లెక్క చూస్తే నీ మొఖం కన్నా సిద్దిపేట బస్టాండు ఎక్కువ చూసిన. గందుకే చెప్తున్న, పల్లెవెలుగైతె పొద్దుగూకెవరకు ఇంటికొస్త. ఇద్దరం ఒక్కకాడ తింటం. ఇగ సంతకం పెడ్తున్న."

"పెట్టకు బావా. రేపొక్కనాడు పో."

"మల్ల గదే మాట! నన్ను ఎల్లగొడుతున్నవా ఏంది?"

"ఎల్లగొడ్తలేను. అగొ, మల్లక్క పిలుస్తున్నది చూడు."

"ఓ సుసన్నా! నల్లా వచ్చిందే! జల్ది రా, సన్నగ వస్తున్నది!"

"నువ్వు కూసో సుసన్నా, నీళ్లు నేను పడ్త. వస్తున్న మల్లక్కా! నా బిందె లైన్ల పెట్టు!"

"ఏం తమ్మీ, రేపటి సంది బస్సులట గద? పోతవా, మా ఆడోళ్ల లైన్లనే ఉంటవా?"

"మీ లైన్లనే ఉంట మల్లక్కా! బస్సుల గిన్ని ముచ్చట్లు యాడియి!"

"ఇంటివా సుసన్నా? నీ మొగడు చెడిపాయెనే!"

"చెడిపోని మల్లక్కా. నీ నోరు మంచిది."

"...జరుగు, జరుగు, తొలుకుతది. మూడు బిందెలు, ఒక బకెట్టు. నీ లెక్క నడుము మీద పెట్టుకొని తెచ్చుడు మాత్రం నాతోని గాదు."

"భుజం మీద తెచ్చినా నీళ్లు నీళ్లే."

"నెల కింద జిలకర ఏ డబ్బల ఉంటదో నాకు ఎర్కలే. ఇయ్యాల చూడు. గంజి వంపుత, పప్పుకు పోపు పెడ్త, బట్టలు పిండి దండెం మీద ఏస్త. బట్టలు ఎంత తెల్లగ ఆరుతున్నయో చూసినవా? ఓపెన్‌కాస్టు గని బందాయె, దుమ్ములేదాయె."

"రేపెల్లుండి మల్ల మొదలైతది. గప్పుడు దండెం బయట కట్టకు. ఎనుక అర్రల కట్టు."

"నువ్వున్నవు గద కట్టనీకి."

"నీకు గూడ ఎర్క ఉండాలె గద. బిడ్డ గ్లోరియా హాస్టలు నుంచి వస్తే పప్పు చేసి పెడ్తవా?"

"పెడ్త."

"దానికి పచ్చిమిరపకాయ పడది. ఎండువే ఎయ్యాలె. నేను లేకున్నా చేసి పెడ్తవా?"

"నువ్వు డ్యూటీల ఉంటె నేను గాక ఎవరు పెడ్తరు? ఏంది, పొద్దటి సంది పరీక్ష పెట్టినట్టు అడుగుతున్నవ్?"

"ఊకెనే. బావా..."

"చెప్పు."

"రేపు నేను గూడ వస్త."

"ఏడికి?"

"హైదరాబాదు. నీ బస్సుల."

"నా బస్సులనా? నిజంగనా?"

"ఇరవై రెండేండ్లు నీ పెండ్లాన్ని. ఒక్కనాడన్న నీ బస్సెక్కిన్నా నేను?"

"గందుకేనా! గందుకేనా 'రేపు డ్యూటీ నీదేనా, నీదేనా' అని తిప్పి తిప్పి అడిగేది! ముందుగల్ల చెప్పరాదా పిల్లా! కాయిదం ఎల్లుండి ఇస్త, పోనీ. నా ఎనుక మొదటి సీటు నీదే, ఎవన్ని కూసోనియ్య. కండక్టరు మొగిలి నిన్ను చూసి పరేషానైతడు, 'వదినె వచ్చిందిరో' అని బస్సంత ఒర్లుతడు. సిద్దిపేట దాటినంక ఒక కొట్టు ఉన్నది, అల్లం చాయ. ఇరవయ్యేండ్ల సంది ఆడనే తాగుత. వానికి నిన్ను చూపియ్యాలె."

"చాయకు దిగుదాం."

"టాంక్‌బండు చూపిస్త. పాత పట్నంల గాజులు కొనిస్త. రాత్రికి నా సోపతిగాని ఇంట్ల పండుకొని ఎల్లుండికి వచ్చేద్దాం. బట్టలు సర్దు."

"సర్దిన. మంచం కింద ఉన్నది సంచి."

"అప్పుడే? ఏది చూద్దాం... ఇన్ని చీరెలెందుకు? పళ్లెం, గలాసు, దుప్పటి! ఒక్క రాత్రికి దుప్పటెందుకు సుసన్నా? బైబిలు గూడ పెట్టినవ్."

"ఎల్లుండికి రామేమో."

"రాకుంటె ఎట్ల? నీకు గూడ డ్యూటీ ఉన్నది గద."

"బావా, నేను ఊరు చూడనీకి వస్తలేను."

"మరి?"

"దవాఖానకు."

"ఎవలున్నరు దవాఖానల? మీ చిన్నమ్మకు మల్ల ఏమన్నా..."

"నాకే."

"నీకేమైంది?"

"సంకల గడ్డ ఉన్నది. కుడి దిక్కు. రొమ్ముల గూడ ఉన్నది. మన దవాఖానల డాక్టరమ్మ సూదేసి పరీక్షకు పంపింది. క్యాన్సరని వచ్చింది. హైదరాబాదు పెద్ద దవాఖానకు కాయిదం రాసిచ్చింది."

"ఆ మాట అనకు."

"నేను అనకుంటె పోతదా?"

"నొస్తదా?"

"ముందుగల్ల నొయ్యలే. గిప్పుడు చెయ్యి లేపితె గుంజుతది."

"కుడి చెయ్యి... గందుకేనా నన్ను బిందె ఎత్తుమన్నది? బట్టలు పిండుమన్నది? నేను... నువ్వు నేర్పుతున్నవనుకున్న సుసన్నా. నాకు పని నేర్పుతున్నవని సంబురపడ్డ."

"నేర్పుడు గూడ నిజమే బావా. చెయ్యి నొచ్చుడు నిజమే, నేర్పుడు నిజమే."

"గ్లోరియాకు ఎర్కేనా?"

"లేదు. ఎవలకు ఎర్కలేదు. మల్లక్కకు గూడ."

"సరే. సరే, ఫికర్ జెయ్యకు. నాకు పట్నం అంత ఎర్కె. డ్యూటీ ఎవనికన్న ఇస్త, నీ పక్కనే ఉంట. దొరకవట్టినం గద, నయమైతది. ఎంతమందికి కాలేదు! జల్ది పోతే నయమైతదంటరు. కాయిదం తే, చూద్దాం."

"బైబిల్ల ఉన్నది."

"ఏది... కండ్లద్దాలు... ఆ, ఆ. పేరు, సుసన్నా. వయసు, నలభై ఒకటి. 'వెంటనే' అని కింద గీత కొట్టింది... తారీకు... సుసన్నా, ఇదేం తారీకు?"

"చూసినవు గద."

"సెప్టెంబరు ఇరవై! బస్సులు ఆగిన రెండోనాటిది!"

"ఔ."

"ఇరవై ఐదు దినాలైతున్నది! వెంటనే అని రాసింది కనవడలేదా నీకు? ఇరవై ఐదు దినాలు ఇంట్ల పెట్టుకొని..."

"బస్సులు లేకుండె గద."

"అంబులెన్సులు ఆగినయా? సమ్మెల అంబులెన్సును ఆపినోడు ఎవడున్నడు? దారి ఇడిసి చప్పట్లు కొట్టిన్రు మనోళ్లు! దవాఖానల అడిగితె ఇయ్యకపోదురా? డ్రైవరు లేకుంటె నేను లేనా? నేనే తోలుకపోదును! గది గూడ నీకెర్కలేదా?"

"ఎర్కె."

"ఎర్కుండి?"

"ఎర్కుండే చెప్పలే. చెప్తే ఆ రాత్రికే నడువంటవు."

"అంటనే! అనకుంటె ఎట్ల!"

"మల్ల తొవ్వ మీదనే గద. నువ్వు తొవ్వ మీద, నేను దవాఖానల. నాలుగు దినాలాగి చెప్దామనుకున్న. నాలుగో దినం నువ్వు గోడ మీద ఎండ చూసుకుంట పిల్లగాని లెక్క కూసున్నవ్. ఆదివారం దాటినంక చెప్దామనుకున్న. ఆదివారం చర్చిల, తెల్వక ఆడోళ్ల దిక్కు వచ్చి నా పక్కన కూసోబోయినవ్. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఇంటికొచ్చినంక ఎట్ల చెప్పాలె? మల్ల వారం పప్పు చేసినవ్. ఉప్పు ఎక్కువైంది."

"అయితె చెప్పకపోతివి?"

"ఉప్పు సంగతా, గడ్డ సంగతా?"

"నవ్వకు సుసన్నా. నా పానం పోతున్నది, నవ్వకు."

"నాకు మస్తు సంబురమైంది బావా. పెండ్లైన కాడి సంది ఇంత సంబురం నాకు లేకుండె. పొద్దుగాల లేస్తె నువ్వు ఉంటివి. రాత్రి పండుకునేటప్పుడు ఉంటివి. పక్కకు తిరిగితె ఉంటివి. ఆ సంబురం ఇడువబుద్ధి గాలే."

"నేను ఇంట్ల ఉండ నేర్చుకున్నది ఎవరి కోసం మరి? గీ గోడల కోసమా? నువ్వు లేని ఇంట్ల నాకేం పని? మంచిర్యాల నుంచి పొద్దుగూకెవరకు వచ్చి ఎవరి మొఖం చూడాలె నేను?"

"ఏడ్వకు. మల్లక్క ఇంటది."

"ఇనని! ఊరంత ఇనని! అందరు అడుగుతరు నన్ను. నెల దినాలు ఇంట్లనే ఉంటివి గదరా, కండ్లు లేవా అంటరు. ఏం చెప్పాలె?"

"నేను దాచిన్నని చెప్పు."

"దాచనీకి నీకు భయం కాలేదా? ఒక్క రాత్రన్న? దినాలు పోతున్నయి, లోపల అది పెరుగుతదని భయం కాలేదా నీకు?"

"సమ్మె మొదట్ల గని గేటు కాడ మీటింగుల లీడరు చెప్పిండు బావా. పనికి రాకున్నా సమ్మె దినాలు ఎవలకు నాగా కింద రాయరు, లెక్కల పట్టరు అని. నా రోగానికి గూడ గంతే అనుకున్న."