అడుగులు లెక్కించి జాగిలాన్ని పంపినవారు: శ్రీ పైడిబాబు గారు

1988 ఆగస్టు 12వ తేదీన, అప్పటి ఉమ్మడి బీహార్ పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా చేరిన శ్రీ పైడిబాబు గారు, ముప్పై ఏడు సంవత్సరాల సేవను సంపూర్ణం చేసుకుని, జంషెడ్‌పూర్ కంట్రోల్ రూం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. టాటానగర్ రైల్వేలో పనిచేసిన తండ్రిగారు కుమారుణ్ణి కూడా పట్టాలెక్కించాలని ఆశించినా, వారు లాఠీ పట్టారు. లాఠీ కన్నా వారి గొంతే బాగా పనిచేస్తుందని గ్రహించిన శాఖ, 2006లో కంట్రోల్ రూంలో కూర్చోబెట్టి వారి చేతికి టెలిఫోను ఇచ్చింది.

ఊళ్ళో తాళం పగిలినా, తగరపు డబ్బా పోయినా, ఫోనులో వినిపించే మొదటి కోరిక 'కుత్తా భేజియే' అన్నదే. కుక్క వస్తేనే దర్యాప్తు మొదలైనట్టు, రాకపోతే ప్రభుత్వమే పడిపోయినట్టు. కాల్ వచ్చిన ప్రతిచోటికీ నాలుగు కాళ్ళు పంపనక్కరలేదని పైడిబాబు గారి సిద్ధాంతం. వారు మొదట అడిగేది ఒక్కటే: అక్కడ ఎంతమంది నడిచారు? ఆ పైన, ఎంతసేపయింది, పరాయి చెయ్యి పడని వస్తువు ఏదైనా మిగిలిందా అని. సమాధానాలు కుదిరితే క్షణం జాగు లేకుండా జాగిలం బయలుదేరేది. కుదరకపోతే ప్రధానమంత్రి బంధువైనా సరే, వేలిముద్రల వారిని పంపి నమస్కారం పెట్టేవారు. శునకాన్ని పంపడమంటే శకునం చూడడం కాదని కొత్తగా చేరినవారికి చెప్పేవారు.

ఈ వివేకం శిక్షణలో అబ్బినది కాదు. 2009 వేసవిలో ఒక ప్రముఖుని ఒత్తిడికి లొంగి, అప్పటికే పెళ్ళిపందిరంత జనం తొక్కిన ఒక చోరీ స్థలానికి వారు జాగిలాన్ని పంపారు. అది మండుటెండలో గంటన్నర తిరిగి, సమోసాల బండి దగ్గర చతికిలబడింది. అంతలో ఒక వృద్ధుడు తప్పిపోయినట్టు కబురు వచ్చింది. నాలుక వేలాడేసిన ఆ మూగజీవి లేవలేకపోయింది. ఆ వృద్ధుడు మరునాడు దొరికారు, ప్రాణంతో కాదు. తప్పు తనదేనని పైడిబాబు గారు దస్త్రంలో స్వహస్తంతో వ్రాశారు.

పదేళ్ళ తరువాత, 2019 మే నెలలో, ఉదయం పదిన్నరకు అదే పరీక్ష మళ్ళీ ఎదురైంది. ఆనాడు విధుల్లో ఉన్న జాగిలం జూలీ ఒక్కటే. బిష్టుపూర్‌లో ఒక దుకాణం షట్టరు పగలగా, ఒక పై అధికారి ఆజ్ఞ మేరకు, జూలీని నడిపించే కానిస్టేబుల్ అశోక్ దాన్ని వాహనంలో ఎక్కించుకుని అటు బయలుదేరారు. ఆ సమయంలోనే కద్మా నుండి ఉమామహేశ్వరి అనే తెలుగు గృహిణి ఫోను చేశారు.

"బాబూ, మా అత్త జోగమ్మ కనబడ్డం నేదు. మతిమరుపు మనిసి. ఎనిమిదింటికి పెరటి తలుపు తీసి ఎల్లిపోనాది."

"ఆవిడ పడుకున్న దుప్పటి ఎవుల్నీ ముట్టుకోనీకమ్మా."

"అయ్యో! పోలీసులొత్తారని దుప్పటీ, దిండు గలీబూ, కోకలూ అన్నీ ఉతికి వీధేపు ఆరీసినాను. వాకిలి ఫినాయిలేసి కడిగీసినాను."

ఇంటికి పోలీసులు వస్తున్నారన్నా చుట్టాలు వస్తున్నట్టే కడిగి పెట్టే మర్యాద మనవారిది. ఆ నీటి ధారలో ఆధారాలు కొట్టుకుపోయాయి.

"పోలీసులేటి పెళ్ళివోరా అమ్మా? పెరడు కూడా కడిగినావేటి?"

"నేదు బాబూ, నీళ్ళయిపోనాయి."

"బతికించినావు. అటేపు ఎవులైనా ఎల్లినారా?"

"నేదు. వచ్చినోళ్ళంతా ముందు గదిలోనే కూకున్నారు."

"ఆవిడ రోజూ తొడుక్కునేది ఏదైనా ఉతక్కుండా మిగిలిందేటి?"

"మోకాలి పట్టీ ఉన్నాది. మేకుకి ఏలాడతంది. అదేసుకోపోతే పది ఇళ్ళు దాటి నడవనేదు. ఇయ్యాల ఏసుకోనేదు. కంపు బాబూ అది!"

"ఆ కంపే మాకు కావాల. దాన్ని ముట్టుకోకు, పెరట్లోకి ఎవుల్నీ పోనీకు."

పైడిబాబు గారు వైర్‌లెస్ అందుకుని, బండిని కద్మాకు తిప్పమన్నారు. "అశోక్, గాడీ కద్మా మోడో."

"సర్, సాహబ్ కా ఆర్డర్ బిష్టుపూర్ కా హై."

"మేరా ఆర్డర్ లిఖ్ లో. టైమ్ భీ."

పదోన్నతి జాబితాలో తమ పేరు ఉన్న ఆ నెలలో, పై అధికారి మాట దాటిన నేరాన్ని వారు గంటా నిమిషాలతో సహా తమ పేరిటే వ్రాయించుకున్నారు. తరువాత నలభై నిమిషాలు ఏ కబురూ లేదు. పైడిబాబు గారు టీ తెప్పించుకుని, తాగడం మరచిపోయారు.

మోకాలి పట్టీ వాసన పట్టిన జూలీ పెరటి గుమ్మం దాటి, రెండు సందుల అవతల ఖాళీగా ఉన్న క్వార్టర్ ప్రహరీ వెనక్కి తీసుకువెళ్ళింది. జోగమ్మ గారు అక్కడ జారిపడి, లేవలేక, ఎండలో ఉన్నారు. కళ్ళు తెరిచి జూలీతో అన్న మొదటి మాటను అశోక్ అక్షరం పోకుండా వైర్‌లెస్‌లో వినిపించారు: "ఏటే, మూతి నా మీదెట్టకు. తిండెట్టనేదేటి నీకు?" మరో గంట గడిస్తే కష్టమయ్యేదని వైద్యులు చెప్పారు.

దుకాణం దొంగలు నాలుగు రోజులకు కెమెరాకు చిక్కారు. పైడిబాబు గారికి మాత్రం సంజాయిషీ నోటీసు చిక్కింది. "దుకాణంలో అప్పటికి డెబ్బై మంది నడిచారు. పెరట్లో ఒక్కరే" అని రెండు వాక్యాల్లో బదులిచ్చారు. లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది. ఎస్‌ఐ పదోన్నతి రెండేళ్ళు వెనక్కి వెళ్ళింది. ఆ విషయం వారు ఇంట్లో కూడా చెప్పలేదు. కుటుంబ సభ్యులకు ఈ వ్యాసం ద్వారానే తెలుస్తున్నందుకు మన్నించగలరని మనవి.

జోగమ్మ గారు ఆ తరువాత నాలుగేళ్ళు జీవించి, మనుమరాలి పెళ్ళిలో కోడలి మీద మూడుసార్లు అలిగి, తమ మంచం మీదే కన్నుమూశారు. పైడిబాబు గారి సర్వీసు పుస్తకంలో ఆ హెచ్చరిక ఉంది. ఆ నాలుగేళ్ళు లేవు. అక్కడ చోటు దొరకని ఆ ఏళ్ళన్నీ వారి ఆయుష్షుకు జమపడి, ఆరోగ్యంతో, సతీసమేతంగా, టీ చల్లారకముందే తాగే తీరికతో వారు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.