శ్రావణంలో మొదలైన సర్వర్

బూర్గంపాడులో ఒక సేవాసంఘం నడిపే వరద హెచ్చరిక గది. జూలై ఇరవై మూడు, గురువారం, మధ్యాహ్నం. గదిలో వెంకటరామారావు ఒక్కడే. ఫోనులో ఖమ్మం నుంచి సర్వర్లు బాగుచేసే జస్టిన్.

"మళ్లీ ఆపి పెట్టాను జస్టిన్ బాబూ. మళ్లీ అంతే. లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. వాగవతల ఊరి మైకు మాత్రం పలకడం లేదు."

"ఊకె ఆపి పెట్టకుండ్రి సార్. నెట్ ఉన్నదా?"

"ఉంది. పన్నెండు గంటల మట్టం దానంతటదే వచ్చి పడింది. రెండు గంటల్లో మూడడుగులు లేచింది గోదావరి."

"అవ్, నాకూ కనబడుతున్నది. మట్టం వస్తున్నది, దాన్ని చూసి మెసేజ్ తయారైతున్నది. తయారైంది ఊరికి పోతలేదు. రెండు గంటలకొకసారి లేచి పంపే ప్రోగ్రాం ఒకటున్నది సార్, జాబ్ అంటం, అదే లేస్తలేదు."

"లేపు నాయనా. గోదావరి పోటుకి వాగు వెనక్కి తన్నుతోంది. ఇంకో గంటలో ఊళ్లోకి వచ్చేస్తుంది. అరవై ఇళ్లు, అన్నీ పల్లంలోనే."

"ఎవరికన్నా ఫోన్ కొట్టరాదుండ్రి?"

"ఎవరికి కొట్టను? ఊళ్లో సిగ్నల్ లేదనే కదా బడి మీద ఆ మైకు పెట్టింది. పగిడయ్యకి ఇరవై సార్లు చేశాను. ఊరి పెద్ద, పేరుకి ఫోనుంది. గుట్ట ఎక్కితేనే పలుకుతుంది."

"మనిషిని?"

"మా కుర్రాడు తిరుపతిని బండి మీద పంపాను. కల్వర్టు మీద నడుములోతు నీళ్లని తిరిగొచ్చాడు. పడవ భద్రాచలం నుంచి రావాలట. నువ్వు ఆ జాబ్ సంగతి చూడు బాబూ, నీకు పుణ్యముంటుంది."

"సరే. నాకు మెసేజ్‌లు వచ్చేది పోయేదే కనబడతది. మీ స్క్రీన్ మీద జాబ్ పేరు పక్కన 'చివరిసారి పంపినది' అని ఉంటది. చదువుండ్రి."

"ఏదీ... ఇదా... అక్షరాలు చిన్నవి..."

"చదువుండ్రి సార్."

"ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం. తొమ్మిది గంటల అయిదు నిమిషాలు."

"ఏందీ?"

"అట్లాగే ఉంది మరి."

"ఇంకా ఆగస్టే రాలేదు గద సార్! రాని శుక్రవారం నాడు ఎట్ల పంపింది?"

"మిషన్ కదా. ఏదో పొరపాటు పడుంటుంది."

"ఎవరన్నా తేదీ మార్చిన్రా?"

"ఎవరు మారుస్తారు?"

"గదిల మీరొక్కరే ఉంటరు."

"ఇప్పుడు సరిగ్గానే ఉంది చూడు. జూలై ఇరవై మూడు."

"ఇప్పుడు కాదు సార్. కొత్త సర్వర్ సోమవారం గద మొదలుపెట్టింది? ఆనాడు ఏం చేసిన్రు?"

"ఏం చేస్తాం? బొట్టు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం."

"ఇంకా?"

"హారతి ఇచ్చాం."

"సార్, నీళ్లు వస్తున్నయి అంటున్నరు. చెప్పుండ్రి."

"ఆషాఢం నడుస్తోంది జస్టిన్. ఆషాఢంలో కొత్తది మొదలుపెట్టకూడదని మా ఆవిడ హైమ అంది. హైమ కాదులే. నేనే అనుకున్నాను. అరవై ఇళ్ల ప్రాణాలు చూసే మిషన్ కదా, మంచిరోజున మొదలైతే బాగుంటుందని..."

"అని?"

"దాంట్లో తేదీ శ్రావణ శుక్రవారానికి జరిపాను. దణ్ణం పెట్టుకుని ఒక్కసారి నడిపాను. మైకు పలికింది కూడాను. వెంటనే వెనక్కి పెట్టేశాను. ఒక్క అయిదు నిమిషాలు, అంతే."

"అయ్యో దేవా."

"అదేనా?"

"అదే సార్. ఆగస్టు పద్నాలుగున పంపినా అని అది రాసి పెట్టుకున్నది. దాని మీద రెండు గంటలు గడిస్తేనే మళ్ల లేస్తది. అందాక ఎన్నిసార్లు ఆపి పెట్టినా పండుకునే ఉంటది."

"మూడు రోజులు. మూడు రోజులు నేను దీని ముందే కూర్చున్నాను. పచ్చలైట్లు చూసి కాఫీ తాగాను."

"ఇప్పుడు ఏడ్వకుండ్రి."

"నేను మంచికే కదయ్యా చేశాను?"

"మా అమ్మ కొత్త సెల్ కొన్నా పాస్టరయ్యతోని ప్రార్థన చేయిస్తది సార్. మిమ్ముల నేనేమంటా? ఆ తేదీ మీద నొక్కుండ్రి. జూలై ఇరవై మూడు, పది గంటలు అని కొట్టుండ్రి."

"ఇరవై మూడు... పది... కొట్టాను."

"సేవ్."

"చేశాను. ఏదో అడుగుతోంది. ముప్పై ఏడు మెసేజ్‌లు ఆగి ఉన్నాయట. అన్నీ పంపాలా, ఆఖరిది పంపాలా అని."

"అన్నీ. అన్నీ కొట్టుండ్రి, ఒక్కటి కూడా ఇడవొద్దు. జల్దీ!"

"అన్నీ నొక్కాను."

"ఆగుండ్రి... పోతున్నది... పోయింది! ఊళ్ల మైకు కాడ్నుంచి జవాబు వచ్చింది సార్. 'అందింది' అని!"

"రామచంద్రా! నా తండ్రీ! పలికిందా? నిజంగా పలికిందా?"

"ఒక్కో మెసేజ్ మూడుసార్లు చదువుతది. ఇప్పుడు మొదటిది అయిపోయింది."

"ఇంకెప్పుడూ ముట్టుకోను జస్టిన్. మంచిరోజేదో ఆ రాముడికి తెలియదా? గడియారం తిప్పి నేను చెప్పాలా? ఈ మాట ఇంతకుముందు నాకెందుకు తోచలేదో."

"అది తర్వాత మాట్లాడుకుందాం. పక్కన మీ రెండో ఫోన్ మోగుతున్నది."

"పగిడయ్యే! ఉండు, స్పీకర్లో పెడతాను. పగిడయ్యా! మైకు విన్నారా?"

"ఇన్నం సార్. ఇప్పుడే మోగింది. గుట్ట మీదికి మంచిగ ఇనబడ్డది."

"గుట్ట మీదున్నారా మీరు?"

"పొద్దుగాల్నే ఎక్కినం, ఫోను తడుస్తదని బందు వెట్టి మూట కట్టుకున్న. వాగు నీళ్లు ఎర్రగైనయి, మైకేమో సప్పుడు లేదు. ముసలోళ్లు లేవుండ్రి అన్నరు. గొడ్లతోని సహా ఊరు ఊరే ఎక్కింది."

"బతికించావయ్యా! విన్నావా జస్టిన్? అందరూ గుట్ట మీదే ఉన్నారట!"

"ఇన్న సార్, ఇన్న!"

"గీ వానకు పిల్లలు గజగజ వణుకుతున్నరు సార్. మీ మైకు సల్లటి మాట చెప్పింది. గోదారి మామూలుగనే ఉన్నది, ఎవరూ ఇల్లు ఇడవొద్దని మూడుసార్లు చెప్పింది."

"ఏమన్నావ్?"

"సార్... అది సోమవారం మెసేజ్. వరుసల మొదటిది. ఇయ్యాల్టిది ఆఖర్న ఉన్నది."

"ఆపు జస్టిన్, ఆపెయ్! పగిడయ్యా, దిగొద్దు! వినపడుతోందా? దిగొద్దు!"

"ఏంది సార్? ఇనబడ్తలే, నేను సుత దిగుతున్న, సిగ్నల్ పోతున్నది. ఆడోళ్లు పిల్లల్ని ఎత్తుకొని ముందుగాల్నే ఇండ్లకు పోయిన్రు సార్, మీరు చెప్పిన్రు గదా అని."