తలుపు పక్క మట్టి

లీజు తీరి చెరకు పొలం పోయాక, ఫిజీలోని వునిమోలిలో ఓ పాత రంగుల బస్సే వాళ్ళ ఇల్లయింది. కూతురు ప్రభ పోయిన పదమూడో రోజు కర్మకని మొగుడు దాన్ని కడుగుతుంటే, ఆమె బస్సు రంగు మీద మెరుపుకు పూసే వ్యాక్స్ డబ్బా పట్టుకుని వెనకే నిలబడింది.

“తలుపు పక్కన కడగొద్దయ్యా.”

“పండిత్ ఇల్లంతా కడగమన్నాడు కదే. మట్టంతా అక్కడే ఉంది.”

“అది ప్రభ చేతి అచ్చు. చెరకు పనికెళ్ళి జ్వరంతో వచ్చింది కదా, మెట్టెక్కలేక అక్కడ ఆనుకుంది.”

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“కడక్కుండా వ్యాక్స్ పెడితే మట్టి లోపలే ఉండిపోతుందే. మళ్ళీ పోదు.”

“అందుకే పెట్టమంటున్నా.” ఆమె మూత తీసి ఇచ్చింది. “రుద్దొద్దు, మెల్లగా అద్దు.”

“నాది మోటు చెయ్యే, చెరిపేస్తా. నువ్వే అద్దు.”

“నేనూ చెరిపేస్తానేమో.”

ఇద్దరిలో ఎవరూ గుడ్డ ముంచకముందే, బస్సు రేకు మీద తొలి చినుకు టప్పున పడింది.